నూరేళ్ళ తర్వాతి బట్టలు చూడటానికి వెళ్ళిన రోజు

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి, ఇక్కడ కువైట్‌లో మేముండే ఖైతాన్‌లో బస్సెక్కాను. టికెట్టు మూడు వందల ఫిల్స్. బ్నీద్ అల్ గార్‌లో ఒక హాల్లో ఆఫ్రికావాళ్ళు బట్టల ప్రదర్శన పెట్టారు. తమ మనుషులు నూరేళ్ళ తర్వాత ఎలా బతుకుతారో ఊహించి, ఆ బతుక్కి తగ్గ బట్టలు కుట్టాలి. మా టైలర్ షాపులో నా పక్క మిషను మీద కుట్టే కెన్యా అమ్మాయి అకిన్యి కుట్టినవి కూడా ఉన్నాయి. ఆమెకు అంచు మడవడం నేర్పింది నేనే. వెళ్ళాలని లేదు, కానీ చూడకుండా ఉండలేకపోయాను.

పక్క సీట్లో నాకు తెలిసిన రాయచోటి మస్తానమ్మ కూర్చుంది. సంగతి చెబితే నవ్వింది. "మనకు రేపటి సంగతే తెల్దు గదక్కా, వాళ్ళకు నూరేండ్లది ఎట్ల తెలుస్తాది?"

రెండూ నలభైకి దిగాను. ప్రవేశం ఉచితం. గుమ్మం దగ్గర ఇథియోపియా ఆవిడ కాఫీ ఇస్తోంది. చాలా బాగుంది, మీరు వెళితే తాగండి.

లోపల అకిన్యి కుట్టిన బట్టలు తొడిగిన బొమ్మ ముందు ఆగిపోయాను. సరస్సు మీద తేలే బడిలో పాఠం చెప్పే టీచరమ్మట. తడవని గుడ్డ. మెడ చుట్టూ ఎండ నుంచి కరెంటు తీసే పూసల వరసలు. అవి వాళ్ళ అవ్వ వేసుకునే పూసల మాదిరే. అవ్వ నగను వదలకుండానే పిల్ల నూరేళ్ళు ముందుకు పోయింది. నాకు కడుపు మండిపోయింది. పాతికేళ్ళుగా కుడుతున్నాను, అన్నీ ఎవరో చెప్పిన కొలతలకే.

ఒక కువైటీ పెద్దావిడ ఆ కుట్టు తడిమి చూసి ఎవరి పని అని అరబ్బీలో అడిగింది. ఇలాంటి పెద్దావిడలను ఇక్కడ మామా అనే పిలుస్తాం.

"నాదే," అనేశాను.

అకిన్యి నా వెనకే ఉంది. "అవును మామా, నాకు కుట్టు నేర్పింది ఈమే," అంటూ నా చెయ్యి పట్టుకుంది.

సిగ్గుతో చచ్చిపోయాను. "కాదు మామా, అబద్ధం చెప్పాను. కుట్టూ ఆలోచనా రెండూ ఈ పిల్లవే," అన్నాను. నిజం చెబితే అసూయ పోతుందనుకున్నాను. పోలేదు.

అయిదింటి బస్సుకు అకిన్యీ నేనూ తిరుగుముఖం పట్టాం.

"మీ ఊళ్ళో నూరేళ్ళ తర్వాత ఆడవాళ్ళు ఏం కట్టుకుంటారు?" అని అడిగింది అకిన్యి.

"చీరే."

"ఇప్పటిలాగేనా?"

కాదన్నాను. "కొంగు నడుముకు దోపుకోరు. నీళ్ళ బిందెలు మొయ్యాల్సిన పనుండదు. నేల దాకా వదిలేస్తారు."

అకిన్యి గబగబా కాగితం, పెన్సిలు తీసింది.

"ఇటియ్యి," అని లాక్కున్నాను. "ఇది నేను గీస్తా."

ఖైతాన్ వచ్చేసరికి కొంగు ఒక్కటే పూర్తయింది.