లేని ట్యాంకు వెనక ఇల్లు

అంబులెన్సు కోసం చేసే ఫోన్లు అందుకునే ఆ హాల్లో ఆమెను అందరూ మూడో సీటు అనేవారు. కిటికీ వైపు నుంచి మూడో కుర్చీ ఆమెది. ఏళ్ల తరబడి అక్కడే కూర్చోవడంతో అసలు పేరు హాజరుకే మిగిలింది. చెవులకు హెడ్‌ఫోన్, ఎదురుగా రెండు తెరలు. ఒకదాంట్లో ఊరి మ్యాపు, ఇంకోదాంట్లో ఏ బండి ఎక్కడుందో కనిపిస్తుంది. ఫోను మోగగానే ముందు అడగాల్సింది "ఎక్కడున్నారు?" అని. ఏమైందన్నది ఆ తర్వాతే. మనిషి ఎక్కడున్నాడో తెలియకపోతే ఏమైందో తెలిసీ లాభం లేదు.

ఒక మధ్యాహ్నం, సగం మంది భోజనానికి లేచి హాలు పలచబడ్డ వేళ, ఒక పెద్దావిడ ఫోను చేసింది. ఆయన కుర్చీలోనే పక్కకు ఒరిగిపోయాడని, పిలిస్తే పలకడం లేదని చెప్పింది. గొంతులో కంగారు లేదు. నిద్రపోతున్నవాళ్లు ఎక్కడ లేస్తారోనన్నట్టు మెల్లగా మాట్లాడింది. ఎక్కడమ్మా అని అడిగితే ట్యాంకు వెనకాల, నీలం గేటు అంది. ఏ వీధి అంటే మళ్లీ ట్యాంకు వెనకాలే అంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఎవరికి దారి చెప్పినా అలాగే చెప్పి ఉంటుంది. ఇంకోలా చెప్పే అవసరం ఆవిడకు ఎప్పుడూ వచ్చి ఉండదు.

ఫోను ఏ టవరు కింద ఉందో తెరమీద తెలుస్తుంది. కానీ ఆ టవరు కింద నాలుగు కాలనీలున్నాయి. ఆ నాలుగింటిలో ఎక్కడా మ్యాపులో ట్యాంకన్నది లేదు. మూడో సీటు దగ్గర్లో ఉన్న బండిని అటు పంపి, "లైన్లోనే ఉండండమ్మా, వస్తున్నారు" అంది. ఆ తర్వాత అవతల మాట వినపడలేదు. ఊపిరి వినిపించింది. ఒకసారి పొడుగ్గా, ఒకసారి పొట్టిగా, మధ్యలో ఆగుతూ. అది ఫోను పట్టుకున్న ఆవిడదో, కుర్చీలో ఉన్న ఆయనదో ఆమెకు అర్థం కాలేదు. "అమ్మా, వింటున్నారా?" అని అడుగుతూనే ఉంది. కాసేపటికి ఏదో జారిపడ్డ చప్పుడై లైను తెగింది. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు బండి నడిపింది రిటైర్మెంటుకు దగ్గరపడ్డ డ్రైవరు. హాల్లో అందరికీ బాబాయ్. వీధి వీధీ తిరిగి, చివరికి ఒక ఇస్త్రీ బండి అతన్ని అడిగితే విషయం తెలిసింది. ఆ ట్యాంకును కూల్చేసి చాలా ఏళ్లయింది. ఆ జాగాలో ఇప్పుడు కార్లు పెట్టుకుంటున్నారు. అయినా వెనక వీధిని మాత్రం పాతవాళ్లు ట్యాంకు వెనక అనే అంటారు. బండి వెళ్లేసరికి ఆయన పోయాడు.

విచారణ జరిగింది. ఎవరిదీ తప్పు లేదని తేలింది. షిఫ్టు చూసే పెద్దసారు ఆమెను పిలిచి, మనసులో పెట్టుకోవద్దని చెప్పాడు. మనసులో పెట్టుకోవడం, తీసేయడం మన చేతిలో ఉంటే ఇంకేం కావాలి? ఆ ఊపిరి ఆమె వెంట ఇంటికి వచ్చింది. బస్సు తలుపులు మూసుకునేటప్పుడు వినపడేది. కూత రాబోయే ముందు కుక్కర్లో వినపడేది. పక్కన పడుకున్న భర్త ఊపిరి ఒక్క క్షణం ఆగినట్టనిపిస్తే చాలు, లేచి కూర్చునేది. అన్నిటికంటే ఎక్కువగా, రెండు ఫోన్ల మధ్య ఖాళీలో, హెడ్‌ఫోన్ లోపల వినపడేది.

పాత గుర్తులన్నీ మ్యాపులో చేర్చమని ఆమె ఆఫీసుకు విన్నవించుకుంది. ఆఫీసువాళ్లు మ్యాపు తయారుచేసే కంపెనీకి రాశారు. చూస్తామన్నారు. చూస్తూనే ఉన్నారు. చివరికి ఆ పని తనే చేయాలనుకుంది. అప్పటికి కంప్యూటరంటే ఆమెకు తెలిసింది సీట్లో కూర్చుని నొక్కే ఆ నాలుగు మీటలే.

మరిది తను వాడేసి మూల పడేసిన లాప్‌టాప్ ఒకటి ఇచ్చాడు. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ప్లగ్గులో ఉంటేనే బతుకుతుంది. ఇంట్లో ఖాళీగా ఉన్న ప్లగ్గు వంటింట్లో మిక్సీ పక్కన ఒక్కటే. కాబట్టి ఆమె బడి వంటగట్టే. ఇంటర్నెట్టులో ఉచితంగా దొరికే ప్రోగ్రామింగు పాఠాలు పెట్టుకుంది. ఆ పాఠాలు చెప్పే ఆవిడ ఎప్పుడూ మొహం చూపించేది కాదు, గొంతు మాత్రమే.

ఆరంభశూరత్వానికి ఏం తక్కువ? ఏ రోజు ఏ గంటకు ఏ పాఠమో రంగు పెన్నులతో రాసి ఫ్రిజ్జుకు అంటించింది. ఉదయం షిఫ్టు ఉన్న వారం బాగానే సాగింది. మరుసటి వారం మధ్యాహ్నం షిఫ్టు పడింది. ఆ పై వారం రాత్రి షిఫ్టు. ఫ్రిజ్జు మీద కాగితం చదువుకొమ్మన్న గంటలో ఆమె నిద్రపోయేది, నిద్రపొమ్మన్న గంటలో ఫోన్లు ఎత్తేది. తప్పిన పాఠాలన్నీ సెలవురోజున ఒక్కసారే లాగించబోయి, తలనొప్పితో పడుకుంది. భర్త చెప్పుల షాపులో సేల్స్‌మన్. ఆ కాగితాన్ని కిందికీ పైకీ చూసి, "కాలు కొలవకుండా చెప్పులు కొన్నట్టుంది నీ టైం టేబులు" అన్నాడు. ఆమెకు కోపమొచ్చి కాగితం చింపేసింది. లాప్‌టాప్ కూడా బీరువా మీదికెక్కింది.

మానేసిన రోజుల్లో ఊపిరి మరీ దగ్గరకు వచ్చింది. ఒక సాయంత్రం ఫోనులో ఎవరో అడ్రసు చెబుతుంటే, ఆ మాటల కింద అదే ఊపిరి వినపడి, అడ్రసు రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

దారి చూపింది అత్తగారు. ఆవిడకు చెవులు సరిగా వినపడవు. ఎవరూ అడక్కుండానే సలహాలిస్తుంది, అడిగితే వినపడదు. రోజూ వేసుకునే బీపీ మాత్ర వేళకు వేసుకున్నారా అని కోడలు అడిగితే, అదృష్టం బాగుండి ఆ రోజు వినపడింది.

"వేళేంటమ్మాయ్? నాకు గడియారం ముల్లే కనపడదు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటాను, మాత్ర వేసుకుంటాను. అన్నం పొద్దున తింటే పొద్దున, ఆలస్యమైతే ఆలస్యం. అన్నమైతే మర్చిపోను కదా" అందావిడ.

మూడో సీటు అక్కడే నిలబడిపోయింది. ఆ రోజు నుంచి గడియారాన్ని వదిలేసింది. ఏ షిఫ్టయినా, నిద్ర లేచాక మొదటి అన్నం తిని చెయ్యి కడుక్కోగానే లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. ఓపికుంటే చాలాసేపు, లేకపోతే రెండు వాక్యాలైనా సరే. ఇంకో అలవాటు తనంతట తానే నేర్చుకుంది. పని పూర్తయ్యాక లేచేది కాదు. ఏదో ఒక చిన్న తప్పు తెరమీద ఎర్రగా కనిపిస్తుండగానే వదిలి లేచేది. మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలా అని వెతుక్కునే పని ఉండేది కాదు. జ్వరమొచ్చో, చుట్టాలొచ్చో ఒక రోజు తప్పితే తిట్టుకోవడం మానేసింది. వరసగా రెండో రోజు మాత్రం తప్పనిచ్చేది కాదు. అలా ఒక ఏడాది దాటింది. మిక్సీ వేయాల్సి వస్తే అత్తగారు, "నీ బడి అయ్యిందా?" అని అడిగి మరీ ప్లగ్గు తీసేది.

ఎంత పట్టుదలో అని భర్త అందరికీ చెప్పుకునేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. అది పట్టుదల కాదని ఆమెకు తెలుసు. భయం. కూర్చున్నంతసేపూ ఆ ఊపిరి వినపడదు.

ప్రోగ్రాము చేయాల్సిన పని చెప్పుకుంటే చిన్నది. ఫోనులో మనిషి ఏ గుర్తు చెబితే ఆ మాట కొట్టగానే, అది ఏ వీధో చూపించాలి. గుర్తు ఇప్పుడు ఉన్నా, లేకపోయినా. చేయబోతే కొండంత. ట్యాంకు అంటారు, ట్యాంకీ అంటారు, టాంకు అంటారు. మూడూ ఒకటేనని మనిషికి చెప్పక్కర్లేదు, కంప్యూటరుకు చెప్పాలి. ఒక్క కామా పోయి ఒక వారమంతా ఏడిపించింది.

పాత గుర్తులు చెప్పింది బాబాయ్. డ్యూటీ దిగాక టీ తాగుతూ ఒక్కొక్కటే గుర్తు చేసుకునేవాడు. గుర్రాల షెడ్డంటే ఇప్పుడు బ్యాంకు. కాలిన మిల్లంటే పెళ్లిళ్ల హాలు. సినిమా హాలు ఎదురుగా అంటే మంచాలమ్మే షాపు ఎదురుగా. ఆమె అవన్నీ కంప్యూటరుకు ఎక్కించేది. కొన్నాళ్లకు బస్సులో పోతుంటే ఆమెకు ఊరు రెండుగా కనపడసాగింది. మంచాల షాపు మెట్లమీద టికెట్ల కోసం నిలబడ్డ జనం, కార్ల వెనక ఆకాశానికి అడ్డంగా ట్యాంకు కాళ్లు. తల తిప్పుకునేది.

ఒక్క పరీక్ష మాత్రం వాయిదా వేస్తూ వచ్చింది. ఒకరోజు అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఆ పెద్దావిడ అన్న మాటలు అన్నట్టుగానే కొట్టింది. ట్యాంకు వెనకాల. ఎంటర్ నొక్కిన వేలు ఇంకా లేవకముందే వీధి పేరు వచ్చేసింది. అంత తొందరగా వస్తుందని ఆమె అనుకోలేదు. చెరిపి మళ్లీ కొట్టింది, మళ్లీ అంతే తొందరగా వచ్చింది. అంతేనా? ఇంత చిన్న పనా?

ఫోను చేసినవాళ్ల ఇళ్లకు వెళ్లకూడదన్నది ఆఫీసు నియమం. తెలిసే, ఇల్లెక్కడో బాబాయ్‌ని అడిగి వెళ్లింది. గేటు నీలంగా లేదు, తుప్పు రంగులో ఉంది. బెల్లు కొడితే పెద్దావిడ వచ్చింది. "లోపలికి రావచ్చామ్మా?" అని అడిగిందంతే. ఆవిడ గేటు గొళ్లెం మీద చెయ్యి అలాగే ఉంచి ఆమె వంక చూసింది.

"నీ గొంతు నాకు తెలుసు" అంది.

లోపల ఒక కుర్చీ గోడకేసి తిప్పి ఉంది. పెద్దావిడ మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. తిట్టలేదు. ఆయన గొంతు రోజురోజుకీ మర్చిపోతున్నానని, ఈమె గొంతు మాత్రం పోవడం లేదని చెప్పింది. పొయ్యి దగ్గర నిలబడితే, వస్తున్నారు వస్తున్నారు అని వినపడుతుందట. నిజంగానే ఎవరో వస్తున్నారని ఒక్కోసారి వెళ్లి గేటు తీస్తుందట.

మూడో సీటు ఇన్నాళ్లూ మోసిన ప్రశ్న అడిగింది. "అమ్మా, ఆ రోజు లైన్లో ఊపిరి వినపడింది. అది మీదేనా?"

పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. "నాది కాదు. నువ్వు వస్తున్నారన్నావు కదా. ఫోను ఆయన ఒళ్లో, గుండెకు ఆనించి పెట్టి, గేటు తీయడానికి వీధిలోకి పోయాను. తిరిగొచ్చేసరికి ఫోను కింద పడుంది."

పెద్దావిడ తన కుర్చీ ముందుకు జరుపుకుంది.

"నువ్వు విన్నావన్నమాట. నేను లేనప్పుడు నువ్వున్నావు. ఎలా ఉందమ్మా? బాధపడ్డారా?"

మూడో సీటుకు ఆ ఊపిరి ప్రతి మలుపూ కంఠతా వచ్చు. దాన్ని వినకుండా ఉండడానికే ఇన్నాళ్లూ తంటాలు పడింది. ఇప్పుడు మొదటిసారి కావాలని గుర్తు తెచ్చుకుని, మొదటి నుంచి చివరిదాకా విన్నది.

"బాధపడినట్టు లేదమ్మా. మూలుగు లేదు. మధ్యమధ్యలో ఆగుతూ, అలిసిపోయి నిద్రపోయే మనిషిలా ఉంది. నేను పిలుస్తూనే ఉన్నాను" అంది.

అది నిజమే. పెద్దావిడ కొంగుతో మొహం తుడుచుకుని, మళ్లీ చెప్పమంది. ఆమె మళ్లీ చెప్పింది.

ఇంటికి వచ్చాక భారం దిగిందా అంటే, దిగలేదు. అప్పటిదాకా ఎవరిదో తెలియని ఊపిరి ఇప్పుడు ఒక మనిషిదైంది. తను పిలుస్తున్నప్పుడు ఆయన బతికే ఉన్నాడు. కానీ వినపడ్డప్పుడు లేచి పరిగెత్తడం మానేసింది. వచ్చి కూర్చున్న పెద్దమనిషిని కూర్చోనిచ్చినట్టు కూర్చోనిచ్చేది.

ప్రోగ్రామును ఆఫీసువాళ్లు నెలల తరబడి పరీక్షించి, ముందు ఆమె సీట్లో, తర్వాత హాలంతా పెట్టారు. అది పని చేసింది, చేయని రోజూ వచ్చింది. మిల్లు దగ్గర అంటే ఒక బండి కాలిన మిల్లుకు పోయింది. పిలిచింది ఇంకో మిల్లు దగ్గరికి, కాలు విరిగిన ఒక మేస్త్రీ కోసం. ఆయనకు ప్రాణాపాయం తప్పింది గానీ, రోడ్డు పక్కన ఎండలో అరుస్తూ పడున్నాడు. ఆ అరుపులు ఈసారి పక్క సీటువాళ్ల చెవిలో పడ్డాయి. ఆమె పెద్దసారును అడిగి సగం రోజు సెలవు తీసుకుని, ఒకే పేరుతో రెండు చోట్లుంటే రెండూ చూపించేలా సరిచేసింది. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో తెలియదని, అన్నీ ఎవరో ఒకరు బాధ పడ్డాకే తెలుస్తాయని ఆమెకు అర్థమైంది.

పక్క సీట్లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి తనకూ నేర్పమంది. మూడో సీటు పాఠాలు ఎక్కడున్నాయో చూపించి, తినగానే కూర్చోమని చెప్పింది. ఆ అమ్మాయి హుషారుగా మొదలుపెట్టింది. కొన్నాళ్లకు పాఠాల ఊసెత్తడం మానేసింది. ఎంతవరకు వచ్చిందని అడిగితే సిగ్గుపడి, "కుదరడం లేదక్కా. ఇంటికెళ్తే హాయిగా నిద్ర పట్టేస్తోంది" అంది.

ఆ పిల్లను చూస్తే మూడో సీటుకు ముచ్చటేసింది. అలా మధ్యలో వదిలేయగలగడం కూడా ఒక అదృష్టమే అనుకుంది.