రష్యా రైఫిలూ, గుప్పెడు చింతపండూ

ఒక ప్రపంచ యుద్ధాన్నీ, ఆ తర్వాత గోదాములో దశాబ్దాల కారాగారవాసాన్నీ, సముద్రం మీద ఓడ ప్రయాణాన్నీ తట్టుకుని నిలబడ్డ ఒక సోవియట్ రైఫిల్‌ని నేను ఒక్క శనివారం పొద్దున గంటన్నరలో సర్వనాశనం చేశాను. అదీ ఒక్క తూటా పేల్చకుండా, వంటింటి సామానుతో. ఎలాగో చెబుతాను. మీరు నవ్వినా నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ సునీత ఆ రోజు మొదలుపెట్టిన నవ్వు ఇంకా ఆపలేదు.

మేముండేది ఆర్కన్సాలోని బెంటన్‌విల్‌లో. గ్రీన్ కార్డ్ చేతికొచ్చిన వారం మనవాళ్లు ఎవరైనా ఇండియాకి టికెట్లు బుక్ చేస్తారు. నేను తుపాకులు అమ్మే గన్ షోకి వెళ్లాను. ఊరికే చూసొద్దామనే వెళ్లాను, ఒట్టు. అక్కడొక బల్ల మీద రష్యా రైఫిళ్లు కట్టెల మోపులా పేర్చి ఉన్నాయి. అక్కడి సైన్యం వాడి, గ్రీజు పూసి, పెట్టెల్లో సర్ది మరిచిపోయిన సరుకట. ధర వంద డాలర్లకి కొంచెం పైన. అంత చరిత్ర అంత చవగ్గా దొరుకుతుంటే వదిలేసి రావడానికి నాకు చేతులు రాలేదు.

“ఇదేంటండీ?” అంది సునీత గుమ్మంలోనే ఆపి.

“రష్యా రైఫిల్. చరిత్ర.”

“చరిత్రకి ఇంత జిడ్డెందుకు? కార్పెట్ మీద మాత్రం పెట్టకండి.”

పై జిడ్డు తుడిచి, గరాజ్‌లో ఇనప బీరువా కొని, అందులో తాళం వేసి పెట్టాను. బీరువా ఖరీదు రైఫిల్ కంటే ఎక్కువైంది. ఆ సంగతి ఇప్పుడెందుకు గానీ, తర్వాత అసలు విచిత్రం జరిగింది. ఆ దేశం నుంచి సరుకు రావడం ఆగిపోయింది. ధరలు లేచాయి. రెండొందలు, మూడొందలు, నాలుగొందలు... నేను కొన్నది ఏదైనా ధర పెరగడం నా జీవితంలో అదే మొదటిసారి. ఇక నన్ను పట్టడం ఎవరి తరం? తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో స్నేహితులు ప్లేనోలో కొన్న రెండో ఇంటి గురించి మాట్లాడుతుంటే, నేను దద్దోజనం వడ్డించుకుంటూ “నా రైఫిల్ ఈ నెల ఇంకో యాభై పెరిగింది” అనేవాణ్ని.

“అమ్మేయొచ్చుగా మరి?” అనేవారు.

“అమ్మడమా? ఇంకా పెరుగుతుంది!”

నేను అమ్మను, అది పెరగడం ఆపదు. అలా నాలుగేళ్లు గడిచాయి. ఈలోపు మా ఇంట్లో చేపల పులుసు ఆగిపోయింది.

దాని కథ కొంచెం వేరు. అమెరికా ఇంట్లో తాలింపు వేస్తే పైకప్పుకున్న అలారం ఇల్లు తగలబడిపోతున్నట్టు అరుస్తుంది. దానికి అలవాటు పడ్డాం. కానీ ఒకరోజు మా అమ్మాయి బడి నుంచి వచ్చి, “మమ్మీ, నా జాకెట్ ఫిష్ స్మెల్ వస్తుంది. ఎవ్రీవన్ లాఫ్ చేశారు” అంది.  సునీత ఆ జాకెట్ మూడుసార్లు ఉతికింది. ఆ తర్వాత మా ఇంటికి చేప రాలేదు. గోదావరి పక్కన పుట్టి పెరిగిన మనిషి అలా చేపలు మానేస్తే చూడటం నాకు చాలా కష్టంగా ఉండేది.

ఊళ్లో తెలిసినవాళ్లందరికీ గరాజ్‌లో రెండో స్టవ్వు, పైన పొగ లాగే హుడ్డు ఉన్నాయి. సునీత కూడా గరాజ్ మూలన టేపు పెట్టి కొలిచి, గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసింది. ఒకరోజు ఆ గీతలు చూపించి, “మీ చరిత్ర అమ్మేసి ఇక్కడ నాకో స్టవ్వు పెట్టించండి” అంది.  రైఫిల్ ఫోటోలు ఆన్‌లైన్‌లో పెట్టాను.

రెండో రోజే పక్క ఊరి నుంచి డేల్ అనే పెద్దాయన ఫోన్ చేశాడు. ముప్ఫై ఏళ్లుగా ఇవే సేకరిస్తున్నాడట. ఆరువందల యాభై ఇస్తానన్నాడు! స్టవ్వూ హుడ్డూ రెండూ వచ్చేస్తాయి. ఆదివారం పదింటికి వస్తానని చెప్పి, పెట్టేసే ముందు ఒక్క మాటన్నాడు: “దయచేసి దానికి ఏమీ చేయకండి.”

ఇప్పుడు మీరే చెప్పండి. మన ఇళ్లకి వచ్చే పెద్దమనిషి “నా కోసం ఏమీ చేయకండి” అంటే అర్థమేమిటి? కనీసం గారెలైనా వండాలని. పాపం, ఎంత మర్యాదస్థుడో అనుకున్నాను.

శనివారం పొద్దున సునీత అమ్మాయిని స్విమ్మింగ్‌కి తీసుకెళ్లింది. నేను బీరువాలోంచి రైఫిల్ తీసి, లోపలికి తెచ్చి వెలుతురులో చూశాను. నల్లగా, మరకలతో, పెళ్లిచూపుల నాడు తల దువ్వుకోని పిల్లలా ఉంది. పక్కనే వంటింటి గట్టు మీద సునీత తోమిన పూజ సామాను, దీపాల కుందులూ పళ్లెమూ, ధగధగ మెరిసిపోతున్నాయి. ఇత్తడికి పనికొచ్చింది ఇనుముకి పనికిరాదా?

గుప్పెడు చింతపండు నానబెట్టాను. ఉప్పు కలిపాను. గొట్టానికి దట్టంగా పట్టించి, కాఫీ తాగి వచ్చి, పీచుతో తోమాను. నలుపు వదులుతుంటే ఎంత సంబరమో! గొట్టం తెల్లగా తేలింది. చెక్క పిడి మీద ఏవో నక్షత్రాలూ అంకెలూ చేతికి గరుకుగా తగిలాయి. ఉప్పుకాగితంతో వాటినీ సాఫు చేసి, పైన కొబ్బరినూనె రాశాను.

సునీత వచ్చి చూసి నిలబడిపోయింది.

“ఏమండీ, ఇదేంటి స్టీలు గరిటెలా ఉంది?”

“చూశావా!”

“ఆయన పాతదనేగా కొంటున్నది?”

“పాతదే. శుభ్రమైన పాతది.”

“ఏమో బాబూ,” అని, చింతపండు డబ్బా తెరిచి చూసి, నా వైపు ఇంకోలా చూసింది.

ఆదివారం లేచేసరికి గొట్టం మీద అక్కడక్కడా ఎర్రటి తుప్పు పొక్కింది. ఇంకాస్త కొబ్బరినూనె రాశాను. సరిగ్గా పదింటికి డేల్ పికప్ ట్రక్కు దిగాడు. ఆ తర్వాతి సంభాషణంతా ఇంగ్లీషులో జరిగింది. మీకోసం తెలుగులో చెబుతాను.

ఆయన రైఫిల్ చూసి టోపీ తీసేశాడు.  ముగ్ధుడైపోయాడనుకున్నాను.

“నేను ఫోటోలో చూసింది ఇదేనా?”

“అదే సార్. స్నానం చేయించాను.”

“చెక్క మీద ఫ్యాక్టరీ ముద్రలుండాలి.”

“ఉండేవి. గరుకుగా ఉన్నాయని తీసేశాను.”

“గొట్టం మీద నల్లటి పూత?”

“పూతా? మురికి అనుకున్నానండీ.”

ఆయన అక్కడే ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. “దేంతో చేశావు? యాసిడ్‌తోనా?”

సునీత లోపలికెళ్లి చింతపండు డబ్బా తెచ్చి చూపించింది. ఆయన వాసన చూసి, ఒక రెబ్బ నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

“ఆ పూతకీ ఆ ముద్రలకీనే నేను డబ్బులిస్తానన్నది,” అన్నాడు నీరసంగా. “ఏమీ చేయొద్దని ఫోన్‌లో చెప్పానా లేదా?”

“చెప్పారు సార్.”

“మరి?”

“మర్యాదకి అన్నారనుకున్నాను.”

డేల్ నన్ను వదిలేసి సునీత వైపు తిరిగాడు. “ఈయన ఇంట్లో ఇలా ఇంకేమేం క్లీన్ చేశాడమ్మా?”

“ఏమీ లేదు సార్,” అంది సునీత. “పెళ్లయిన పదకొండేళ్లలో ఇదే మొదటిది.”

ఆ పెద్దాయన నవ్వు మొదలుపెడితే గరాజ్ తలుపు అదిరింది. కళ్లు తుడుచుకుని, లోపలి భాగాలు పనికొస్తాయని రెండొందలు ఇచ్చి పట్టుకెళ్లాడు. సునీత కూడా నవ్వింది. కానీ ట్రక్కు వెళ్లిపోయాక, గోడ మీద తన సుద్ద గీతల వైపు ఒక్క క్షణం చూసింది. అప్పుడు మాత్రం నాకు నిజంగా సిగ్గేసింది. నాలుగేళ్లు నా గొప్పలు విన్న మనిషికి నేను మిగిల్చింది ఇదీ!

రెండొందలకి రెండు బర్నర్ల స్టవ్వు వచ్చింది. హుడ్డు రాలేదు. కాబట్టి ఆ తర్వాతి ఆదివారం గరాజ్ తలుపు ఎత్తేసి సునీత చేపల పులుసు పెడుతుంటే, హుడ్డు చేయాల్సిన పని నేను చేశాను. అట్టముక్క పట్టుకుని పొగని వీధిలోకి విసిరాను. అమ్మాయి జాకెట్ మూడు తలుపుల అవతల భద్రంగా ఉంది. చాలాకాలం తర్వాత సునీత పులుసు రుచి చూసి తనలో తనే తలూపుకుంది. ఆ తలూపుడు చూసి నేను అట్టముక్క ఇంకాస్త జోరుగా విసిరాను.

ఇదే సమయమనుకుని, తినడం అయ్యాక, అట్టముక్క గుండెకి ఆనించుకుని గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను. “సునీతా, ఈ పొయ్యి సాక్షిగా చెబుతున్నాను. నా వయసు కంటే పాతదైన ఏ వస్తువునీ ఈ జన్మలో తోమను.”

“మంచిది,” అంది సునీత. “సింకులో ఉన్న గిన్నెలన్నీ మీకంటే చిన్నవే. వెళ్లండి.”