తేలిక నూనె

మొన్న ఆదివారం మధ్యాహ్నం, కాకినాడలో చదువుకుంటున్న మా పిన్ని కూతురు ఫోనుకి రెండు బొమ్మలు పంపింది. రెండూ గాలాన్ని బిగించి ఈకలు కట్టే తిరుగుడు వైస్‌లే, ఒకటి చవక, ఒకటి కాస్త ఖరీదు. "అక్కా, సరదాగా నేర్చుకుందామనుంది, ఏది కొనమంటావ్? మనింట్లో వీటి సంగతి నీకే బాగా తెలుసంది నానమ్మ" అని కింద రాసింది. నానమ్మ ఆ మాట మెచ్చుకోలుగానే అని ఉంటుంది. నేను మాత్రం ఫోను బోర్లా పెట్టేసి, ఇంకా ఆరని బట్టలు తెచ్చి మడతపెడుతూ కూర్చున్నాను.

అప్పుడు నాకు పదిహేడేళ్లు. రాజోలు దగ్గర మా ఊళ్లో బాబాయి కొబ్బరి దింపులు తీసేవారు. ఒకసారి చెట్టుమీంచి పడి నడుం దెబ్బతిన్నాక మళ్లీ ఎక్కలేకపోయేరు. మా వైపు అలాంటప్పుడు ఆడవాళ్లకి కనిపించే దారి ఒకటే, కువైట్‌లో ఇంటిపని. రెండో తరగతి చదివే పిల్లని వదిలి వెళ్లడం ఇష్టంలేకపోయినా పిన్ని పాస్‌పోర్టుకి కాగితాలు పెట్టేసింది. సరిగ్గా అప్పుడే, మస్కట్‌లో చేపలు పట్టే సామాన్ల కొట్లో పనిచేసే మా మావయ్య ఒక ఉపాయం చెప్పేరు. అక్కడి దొరలు సరదాకి చేపలు పడతారట, వానపాములు గుచ్చరట, ఈకా దారమూ చుట్టి పురుగులా చేసిన గాలాలు వేస్తారట, వాటిని ఫ్లైలు అంటారట, అంటే ఈగలు. పిన్నిలా లేసు అల్లే చేతులకి అదెంత పని, యజమానికి నచ్చితే చెల్లెమ్మగారు ఊరు దాటక్కర్లేదు అని ఒక వైసూ, దారాలూ, వార్నిషు సీసా పంపేరు. "ఉన్న ఈగల్ని తోలుకోలేక ఛస్తుంటే, మళ్లీ కొత్తవి చేస్తారంటే!" అని నానమ్మ వారం రోజులు నవ్వింది.

ఆ వైస్ మెకానిక్ షెడ్డులో ఉండేదానికి మనవరాల్లా ఉండేది. రెండు సన్నటి దవడల మధ్య గాలాన్ని బిగించి పిడి తిప్పితే, గాలం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, ఈక దానంతటది చుట్టుకుంటుంది. పిన్ని రెండు రోజుల్లో పట్టేసింది. పందెంకోళ్లు పెంచే పొరుగింటాయన్ని అడిగి డేగ రంగు పుంజుల మెడ ఈకలు తెప్పించుకుని, ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి చూసి ఏరుకునేది. చుట్టడం అయ్యేక ముడి మీద వార్నిషు చుక్క పెట్టి, పూర్తయిన ఈగని నా అరచేతిలో పెట్టి, ఎగిరిపోతుందేమో అన్నట్టు తన చెయ్యి అడ్డం పెట్టేది.

వైస్‌తో వచ్చిన ఇంగ్లీషు కాగితం చదవడం నా వంతు. నలుగురిలో నోరు విప్పలేనిదాన్ని, పుస్తకం చేతికిస్తే మాత్రం మహా గర్వం. ఇరుసు బిగుసుకుంటే 'లైట్ ఆయిల్' ఒక చుక్క వేయమని అందులో ఉంది. లైట్ అంటే తేలిక. మా ఇంట్లో ఉన్న నూనెల్లో ఆముదం జిడ్డు, నువ్వులనూనె చిక్కన, తేలికైనది కొబ్బరినూనె. అంతకంటే ఆలోచించలేదు. చుక్క సరిపోదనిపించి ఇరుసుకీ, దవడలకీ కూడా ధారాళంగా పట్టించేను. దవడలు పొడిగా ఉంచాలన్న మాట కాగితం వెనకవైపు ఉంది.

మార్గశిరంలో చలి మొదలయ్యేసరికి పిడి తిరగడం మొరాయించింది, గాలం దవడల్లోంచి జారిపోతుండేది. పిన్ని తన చేతివాటం లోపమనుకుని ఇంకా గట్టిగా బిగించుకుంటూ మావయ్య నమూనాకి అడిగిన నాలుగు డజన్లూ పూర్తిచేసి పంపింది. నెల తిరక్కుండా మావయ్య ఫోను చేసేరు. నీళ్లలో రెండుసార్లు వేయగానే ముళ్లు ఊడిపోతున్నాయట, దారానికి నూనె అంటి వార్నిషు పట్టలేదట. "తలకి రాసుకున్న చేతుల్తోనే చుట్టేసేరేమో చెల్లెమ్మగారు. తప్పు ఆ వైసుదైతే ఇంకో డజను చూడండని యజమానిని బతిమాలొచ్చు, చేతిదైతే ఏం చెప్పనండీ?" అన్నారు. "ఆయ్, నా చేతిదే అయ్యుంటుందండి అన్నయ్యగారూ" అంది పిన్ని.

ఆ సాయంత్రం నేను వైస్ విప్పి చూసేను. ఇరుసు నిండా నూనె తెల్లగా పేరుకుని ఉంది. కిరసనాయిలుతో తుడిచేసరికి పిడి సుతారంగా తిరిగింది. దవడలు గాలాన్ని వదల్లేదు. అప్పుడే లోపలికి వెళ్లి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. డైరీలో నాలుగు పేజీలు రాసేను, వాక్యాలు బాగున్నాయో లేదో చూసి దిద్దుకున్నాను కూడా. పిన్ని మాత్రం మావయ్య మళ్లీ అడుగుతారేమోనని తలకి నూనె మానేసి, పొద్దునా సాయంత్రం కుంకుడురసంతో చేతులు కడుక్కుంటూ ఉండేది. ఆయన అడగలేదు. సంక్రాంతి లోపే వీసా వచ్చింది.

బట్టలు మడతపెట్టడం అయ్యేక చెల్లికి జవాబు రాసేను. ఖరీదైనదే తీసుకో, చవకదాంట్లో గాలం ఉన్నచోట తిరక్కుండా ప్రదక్షిణం చేస్తుంది, ఇరుసుకి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క, దవడలకి ఏమీ వద్దు అని. "ఇవన్నీ ఎంత బాగా తెలుసక్కా నీకు! అమ్మ తన చేతికి ఆ పని అచ్చిరాలేదంటుందంతే" అని రాసింది. అది చదివేక కూర్చోలేకపోయేను. కువైట్‌లో పిన్ని వంట ముగించుకునే వేళ చూసి ఫోను చేసి, పన్నెండేళ్ల కిందటి మాట చెప్పేసేను.

పిన్ని అవతల కుళాయి కట్టేసి, మళ్లీ మొదట్నించీ చెప్పించుకుంది. తర్వాత మెల్లగా, "అయితే నేను సరిగ్గానే చుట్టేనన్నమాట" అంది. నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఏ మరకి ఏ నూనె వేయాలో ఫోనుని అడిగితే చిటికెలో చెబుతుంది, నాలాంటి ఇంగ్లీషు వచ్చిన పిల్ల మీద ఎవరూ ఆధారపడక్కర్లేదు. మన తరంలో ఇంటికొకరం అలా కాగితాలు చదివిపెట్టినవాళ్లం, ఎక్కడెక్కడ తప్పు చదివేమో మనకే తెలుసు. మావయ్య ఆ కొట్టు మానేసి చాలాకాలమైంది, మా ఇంట్లో లేసు అల్లేవాళ్లూ లేరు. ఈకని ఏ వాలున పట్టుకోవాలో కూతురికి ఫోనులో చెబుతానంది పిన్ని. చేసి చూపించడం మాత్రం కుదరదట. ఏళ్ల తరబడి ఆ ఉతుకుళ్లకీ కడుగుళ్లకీ వేళ్లు కొయ్యబారిపోయేయి, దారం నిలవడం లేదంది.