18,412 కిలోమీటర్ల దగ్గర

నేను పాసయ్యాను! ఫెయిలై మిగిలిపోయిన ఆఖరి అరియర్ పేపరు కూడా గట్టెక్కింది. పొద్దున పదిన్నరకి రిజల్టు వచ్చింది. నమ్మకం కుదరక మూడుసార్లు తెరిచి చూశాను. ఆటోమొబైల్ ఇంజనీరింగ్. మా ఇంట్లో ఇదే మొదటి డిగ్రీ. నాన్న మున్సిపాలిటీలో నీళ్ల పంపు ఆపరేటరు, అమ్మ ఐదో క్లాసుతో ఆపేసింది. అమ్మ నా చేతిలో ఫోను లాక్కుని, "యాడ ఉండాది నీ పేరు, చూపించు" అంది. చూపించాను. ఆ ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయింది. స్క్రీను ఆరిపోయినా వేలు తీయలేదు.

రెడ్డియార్‌పాళయంలో నేను పనిచేసే కార్ల వర్క్‌షాపులో ఒక రూలుంది. ఎయిర్‌బ్యాగ్ రిపేరు చేస్తే, ఆ పని వివరాలు రాసే కార్డు మీద డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఉన్నవాళ్లే సంతకం పెట్టాలి. ఇన్నాళ్లూ పని నాది, సంతకం ఫోర్‌మన్‌ది. సోమవారం నుంచి సంతకం కూడా నాదే.

ఆ కార్డులో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా మిగిలిపోయిన కార్డు ఒకటే ఒకటి ఉంది. అందరికీ ఫోన్లు చేసేముందు దాని గురించి రాసేయాలి. లేకపోతే ఫోన్లో ఈ సంతోషం సగమే చెప్పినట్టవుతుంది.

ముందే చెప్తున్నాను, ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకునే రకం నేను. నాకు భయం కలిగించేది ఏదైనా ఉందంటే అది లూజు కనెక్షను. అది ఒకసారి దొరుకుతుంది, ఒకసారి దొరకదు.

పోయిన సంవత్సరం గోవిందు మామ తన కారు తెచ్చాడు. ఆయన మా అమ్మ తమ్ముడు. సొంత ఎలక్ట్రిక్ కారు, బాడుగకి తిప్పుతాడు. ఆ కారు తప్ప ఇంకో ఆధారం లేదు. డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ బొమ్మ ఎర్రగా వెలుగుతోంది. ఇది మాకు మామూలే. సీటు కింద పసుపు రంగు కనెక్టరు ఒకటి ఉంటుంది, వెనక కూర్చున్నవాళ్లు సంచులు తోస్తే అది కదిలిపోతుంది. చిన్న బ్యాటరీ విప్పి, పది నిమిషాలు ఆగి, కనెక్టరు గట్టిగా నొక్కితే దీపం ఆరిపోతుంది.

నొక్కాను. ఆరలేదు.

స్కానరు పెట్టాను. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ అంటే రెండు ముందు సీట్ల మధ్య, కింద బిగించి ఉండే అరచేయంత డబ్బా. కారు దేనికైనా గుద్దుకుంటే బెలూన్లు తెరవమని చెప్పేది అదే. కారుని నడిపే పెద్ద బ్యాటరీ కరెంటు ఆపేయమని చెప్పేదీ అదే. ఒకసారి గుద్దుకున్నాక ఆ వివరాలు తనలో రాసుకుని తాళం వేసుకుంటుంది. ఆ తర్వాత అది పనికిరాదు, మార్చాల్సిందే.

మామ కారు యూనిట్ తాళం వేసుకుని ఉంది. లోపల ఒక యాక్సిడెంటు రాసి ఉంది. ముందు నుంచి దెబ్బ. స్పీడు సున్న. డ్రైవరు బెల్టు పెట్టుకుని ఉన్నాడు. పక్క సీటు బెల్టు కూడా పెట్టి ఉంది. మీటరు 18,412.

నేను తలెత్తి కారు మీటరు చూశాను. 17,640.

బంపరు విప్పి చూశాను. కంపెనీ వేసిన బోల్టులు, ఎవరూ స్పానరు పెట్టలేదు. పెయింటు మందం కొలిచాను, అన్నివైపులా ఒకటే. ఎవరైనా పాత యూనిట్ తెచ్చి పెట్టారేమో అని నంబరు సరిచూశాను. ఈ కారుతో పుట్టిందే. స్క్రీను ఫోటో తీశాను, ప్రింటు కూడా తీశాను. ఆ ప్రింటు ఇప్పుడు నా ముందే ఉంది.

మా ఫోర్‌మన్ మునుసామి అన్న కూడా మాలాగే బయట తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. కాగితం చూసి నవ్వాడు.

"సున్న స్పీడులో యాక్సిడెంటా? నిలబడుండే బండి యాడికి పోయి గుద్దుతాది మే? మెమరీ చెడిపోయుండాది. కొత్తది ఆర్డరు పెట్టు."

నాకూ అదే సబబుగా అనిపించింది. కాకపోతే మెమరీ చెడిపోతే చెత్త అంకెలు వస్తాయి. ఇలా ఒద్దికగా, ఒకదానికొకటి పొసగే అంకెలు రావు.

కొత్త యూనిట్ రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఈలోగా బండి తిప్పొద్దని మామకి చెప్పాను. "బెలూను లేకపోతే చక్రం తిరగదా?" అని తిప్పుతూనే ఉన్నాడు. 18,105 దగ్గర కొత్తది బిగించాను. దీపం ఆరింది. కార్డు మీద మునుసామి అన్న సంతకం పెట్టాడు, కారణం గడి మాత్రం నన్నే రాయమన్నాడు. తర్వాత రాస్తానన్నాను.

ఆ రోజే ఉండబట్టలేక మామకి ప్రింటు చూపించి చెప్పాను. ఆయన కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"ఏంది పాపా, బండికి జాతకం చెప్తా ఉండావా? గుద్దేది సరే, ఏ రోజు గుద్దుతాదో నక్షత్రం కూడా చెప్పు, ఆ రోజు సవారీ ఒప్పుకోను."

నేనూ నవ్వాను. కానీ ఆ రాత్రి నుంచి రోజూ ఫోన్ చేసి మీటరు ఎంతని అడగడం మొదలుపెట్టాను. 18,190. 18,268. 18,341. నా వల్ల ఆగే సంగతి కాదని తెలుసు. బండి ఆపితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. తిరిగితే అంకె పెరుగుతుంది. ఎవరితో చెప్పుకోవాలి? అమ్మతో చెప్తే పూజారి దగ్గరికి తీసుకెళ్తుంది. కాలేజీ వాళ్లతో చెప్తే నవ్వుతారు. చదువుకున్నదాన్నయి ఉండి, సాక్ష్యం చేతిలో పెట్టుకుని, నేను చేయగలిగింది ఒక అంకె అడిగి తెలుసుకోవడం.

18,398 అన్న మర్నాడు నేను మధ్యాహ్నం దాకా సెలవు పెట్టాను. "లాస్‌పేటలో నాకు పనుంది, దింపు మామా" అని అబద్ధం చెప్పి పొద్దున్నే కారెక్కాను. నా ఆలోచన తేలికైనదే. 18,411 రాగానే బండి రోడ్డు పక్కకి ఓరంగా ఆపించాలి. మా వర్క్‌షాపు లారీ మీద ఎక్కించి తీసుకెళ్లి, షెడ్డులో చక్రాలు పైకెత్తి, 18,413 పడేదాకా గాల్లో తిప్పేయాలి. రోడ్డు మీద 18,412 అనేదే రాకూడదు. ఎంత తెలివైన ఉపాయమని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ముందు సీట్లో మామ పక్కన కూర్చున్నాను. అలవాటుగా బెల్టు పెట్టుకున్నాను. మామ కూడా పెట్టుకున్నాడు, నా పోరు పడలేక. ప్రింటు నా ఒళ్లో ఉంది.

తొమ్మిదిన్నర అయి ఉంటుంది. మంచి ఎండ. 18,411 పడింది.

"మామా, ఓరంగా ఆపు."

"ఏంది, లాస్‌పేట ఇంకా రాలేదే?"

"ఆపు మామా, చెప్తా."

పక్కన ఒక టిఫిన్ బండి, దాని ముందు వరసగా స్కూటర్లు. ఆ తర్వాత బస్టాపు, మార్కెట్టు, ఎక్కడా ఆపే చోటు లేదు. మామ నెమ్మదిగా ముందుకు పోనిచ్చాడు. ఇంకొంచెం, ఇంకొంచెం. ఒక టైర్ల షాపు ముందు ఖాళీ దొరికింది. ఆపాడు. ఏసీ నడుస్తూనే ఉంది. నేను మీటరు చూశాను.

18,412.

చోటు వెతుక్కుంటూ వచ్చేసరికి ఆ ఒక్క కిలోమీటరూ అయిపోయి అంకె మారిపోయింది. ఆ పక్కనే స్పీడు చూపించే పెద్ద అంకె. సున్న.

ఒళ్లో కాగితం చూశాను. స్పీడు సున్న. డ్రైవరు బెల్టు ఉంది. పక్క సీటు బెల్టు ఉంది. ఇన్నాళ్లూ ఆ సున్నని తప్పు అనుకుంటూ వచ్చాను. ఆ పక్క సీటు ఎవరిదా అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

"దిగు మామా" అన్నానో, అనుకున్నానో తెలియదు. నా బొటనవేలు బెల్టు బటన్ మీదికి వెళ్లింది. నొక్కేలోపు ఎదురుగా ఒక కూరగాయల వ్యాను, అడ్డం వచ్చిన స్కూటీని తప్పించబోయి, మా వైపు తిరిగింది. దాని ముందు అద్దంలో డ్రైవరు నోరు తెరిచి ఉండటం చూశాను. బెల్టు తీయలేకపోయాను, అరవలేకపోయాను.

తర్వాత తెల్లటి పొడి, కాలిన వాసన, చెవుల్లో గుయ్‌మనే మోత. రెండు బెలూన్లూ తెరుచుకున్నాయి. డ్యాష్‌బోర్డు మీద 'రెడీ' అనే పచ్చ దీపం ఆరిపోయింది, అంటే యూనిట్ పెద్ద బ్యాటరీని కట్ చేసేసింది. అంత గోలలోనూ నేను ఆ దీపమే చూశాను. మామ కుడి మణికట్టు విరిగింది. నాకు మెడ పట్టేసింది, అంతే. టమోటాలు రోడ్డంతా దొర్లాయి. వ్యాను డ్రైవరు దిగొచ్చి, ఏడుస్తూ, తమిళంలో ఒకటే అడుగుతున్నాడు: ఇక్కడెందుకు ఆపారు, ఇక్కడెందుకు ఆపారు?

వారం తర్వాత మునుసామి అన్న కారు షెడ్డులోకి తెప్పించి, కొత్త యూనిట్‌కి స్కానరు పెట్టాడు. ముందు నుంచి దెబ్బ. స్పీడు సున్న. రెండు బెల్టులూ ఉన్నాయి. 18,412. పాత ప్రింటు పక్కన పెట్టి గీత గీతా సరిచూశాం. అన్న స్కానరు వైరు చుట్టి పెట్టి, టీ తాగొస్తానని వెళ్లి సాయంత్రం దాకా రాలేదు.

పాత యూనిట్ అప్పటికే కంపెనీ విడిభాగాల డిపోకి వెనక్కి పోయింది. దాన్ని మళ్లీ చదవమని ఉత్తరం రాశాను. ఒక్క లైను జవాబు వచ్చింది: యూనిట్ బాగుంది, లోపల ఏ యాక్సిడెంటూ నమోదు కాలేదు.

నేను చాలా లెక్కలు వేశాను. ఆ కాగితం లేకపోతే నేను ఆ పొద్దున కారెక్కేదాన్నే కాదు. ఎక్కకపోతే ఆ టైర్ల షాపు ముందు ఆ కారు ఆగేది కాదు. అంటే ఆ దెబ్బకి కారణం నేనే. కానీ ఆ కాగితం లేకపోతే యూనిట్ మార్చేవాళ్లమూ కాదు. ఏదో ఒక రోజు ఏదో ఒక మూల మామ ఒక్కడే, తెరుచుకోని బెలూన్లతో ఉండేవాడేమో. ఎటు నుంచి మొదలుపెట్టినా తిరిగి అక్కడికే వస్తున్నాను. నాలుగేళ్ల చదువులో ఈ వైరింగ్ ఎవరూ నేర్పలేదు. ఆ కార్డు ఇంకా షెడ్డు బీరువాలోనే ఉంది, గడి ఖాళీగానే ఉంది. నాకు తెలియదు. అంతకంటే నిజాయితీగా ఇంకేం రాయాలో కూడా తెలియదు.

సరే. ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు:

నాన్న. డ్యూటీలో ఉన్నాడు, పంపు మోతలో వినపడదు, రెండుసార్లు చేయాలి.

కురుచికుప్పం మేనత్త. ఆమెకి చెప్తే వీధి మొత్తానికి చెప్పినట్టే.

అరియర్ పేపరుకి నోట్సు ఇచ్చిన స్నేహితురాలు పద్మ.

మునుసామి అన్న. సోమవారం కొత్త పెన్ను తెస్తానని చెప్పాలి.

కూరగాయల వ్యాను డ్రైవరు. పాపం, తప్పు తనదేనని ఇప్పటికీ పండక్కి పండక్కి మామకి ఫోన్ చేసి ఏడుస్తాడట. ఆయనకి ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.

అందరికంటే చివర, గోవిందు మామ. ఆసుపత్రిలో కట్టు కట్టిస్తుంటే, "ఆ బండికి ముందే ఎట్ట తెలిసింది పాపా?" అని అడిగాడు. చదువు పూర్తవనీ మామా, చెప్తానన్నాను.