డబ్బా కూత మారిందని ఆమె చెప్పింది

తమ్ముడు పోయిన రోజు సూర్యాపేటలోని నర్సింగ్ హోం డాక్టరు మాకు చెప్పింది రెండే ముక్కలు. "లేటుగా తెచ్చిన్రు. విషం అప్పటికే ఎక్కింది." ఆ ముక్కలు మాకంటే ముందే మా ఊరు మోతె చేరాయి. మేము శవంతో ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో ఉన్న ఆడవాళ్లు తమ్ముడి భార్యను, నా మరదలిని చూసే తీరు మారిపోయింది. పాము కరిచిన మొగుణ్ణి మంత్రగాని ముందు కూర్చోబెట్టిందట, ఎండెక్కాక గాని దవాఖాన గుర్తుకు రాలేదట. మంత్రగాని మాట ఎవరు కల్పించారో ఇప్పటికీ తెలియదు. డాక్టరు "లేటు" అన్నాడు కాబట్టి ఆ లేటుకు జనానికి ఒక కారణం కావలసి వచ్చింది.

జరిగింది వేరు. తొంభైల నడుమ ఒక వానాకాలం. తెల్లవారుతూనే పొలానికి నీళ్లు కట్టడానికి వెళ్లిన తమ్ముణ్ణి గట్టు మీద పాము కరిచింది. మరదలు పక్క పొలం వాళ్ల ట్రాక్టరు ఎక్కించి సూటిగా సూర్యాపేట తీసుకుపోయింది. కనురెప్పలు వాలిపోయి, మాట పడిపోయి, ఊపిరి తీసే శక్తి పోతుంటే శ్వాస మిషను పెట్టారు. మర్నాటికి కాలి వేళ్లు కదిలించాడు. రెప్పలు కొంచెం ఎత్తి ఆమెను చూశాడు. ఆ మధ్యాహ్నమే పోయాడు.

పెద్దకర్మ అయిన సాయంత్రం అమ్మ కోడలితో అంది: "నా కొడుకును మంత్రాలకు అప్పజెప్పినవ్. ఇగ మీ అవ్వగారింటికి పో."

జరిగింది ఆమె అప్పటికే ఎన్నోసార్లు చెప్పింది. వెళ్లే ముందు అరుగు మీద నా పక్కన కూర్చుని మళ్లీ చెప్పింది.

"కరెంటు పోయింది వదినా. మిషన్ ఆగలే. మంచం కిందున్న డబ్బా కూసుడు షురూ చేసింది. ఆగి ఆగి కూస్తుంటే కాంపౌండర్ వచ్చి, భయపడకమ్మా, కరెంటు పోతె గట్లనే కూస్తది, రెండు గంటలు నడుస్తది అని పోయిండు. నర్సు అన్నం తినవోయింది. జరసేపటికి డాక్టరు రూములో కూలర్ గుర్రుమన్నది. అప్పుడే డబ్బా కూత మారింది. ఆగకుండ ఒకటే కూత. నేను కాంపౌండర్ తానికి ఉరికిన. కూత మారింది, జర సూడున్రి అన్న. గట్లనే కూస్తదని చెప్పిన గదా అన్నడు. నేను తిరిగి వచ్చేసరికి డబ్బా సప్పుడు లేదు. మిషన్ సప్పుడు లేదు."

చేత్తో ఒత్తి ఊపిరి ఇచ్చే రబ్బరు సంచి పక్క గదిలో బీరువాలో ఉంది. బీరువాకు తాళం ఉంది. తాళంచెవి భోజనానికి వెళ్లిన నర్సు దగ్గర ఉంది.

నేను కోదాడ బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. సెలవు పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లాను. ఆయన విసుగు దాచుకోలేదు. "యూపీఎస్ ఉందమ్మా మా దగ్గర, మంచం కింద డబ్బా అదే. ఈ ఊళ్లో ఎవరికీ లేదు. రెండు గంటల బ్యాకప్. చదువుకున్నవారు, మీరు కూడా ఆ పిల్ల మాటలు పట్టుకొస్తే ఎట్లా?" ఆయన మాట్లాడినంతసేపూ కూలర్ నడుస్తూనే ఉంది. దాని తీగ గోడ వెంట పోయి ఎర్రరంగు పూసిన ప్లగ్గులో దిగింది. తమ్ముడి మంచం పక్కన కూడా అదే ఎర్ర ప్లగ్గు. ఎర్ర ప్లగ్గులన్నీ ఆ డబ్బా లైనువే. ఆ లైనుకు కరెంటు పోదని తెలిసినప్పటి నుంచి ఆ నర్సింగ్ హోంలో ఎవరికి చల్లగాలి కావాలన్నా, వెలుతురు కావాలన్నా దానికే తీగ గుంజుకున్నారు.

డబ్బా మీద మిర్యాలగూడ దుకాణం చీటీ ఉంది. ఆ దుకాణదారు రైసుమిల్లుల ఆఫీసుల్లో కంప్యూటర్లకు అవే డబ్బాలు అమ్ముతాడు. నేను బడికి కొనడానికి వచ్చాననుకుని దానితో వచ్చే ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఎన్నో కష్టమైన పుస్తకాలు చదివాను గాని ఏ పుస్తకమూ నాకు ఇంత కోపం తెప్పించలేదు. అందులో కష్టమైనదేమీ లేదు.

బ్యాకప్ అంటే కరెంటు పోయాక బ్యాటరీ మీద నడిచే సమయం. ఎంత సమయమన్నది దానికి ఏమేం తగిలించి ఎంత బరువు వేశామన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు గంటలని రాసింది శ్వాస మిషనంత చిన్న బరువు ఒక్కటే ఉంటే. ఆ షరతు అక్కడే, కింద చిన్న అక్షరాల్లో ఉంది. రెండు గంటలన్న మాట మాత్రం డాక్టరు నోటికీ, కాంపౌండరు నోటికీ ఎక్కింది. షరతు పుస్తకంలోనే ఉండిపోయింది.

డబ్బా ముందు పెద్ద అంకెలతో రాసేది వీఏ అనే కొలత. అది నిజంగా మోయగలిగేది వాట్లలో ఉంటుంది, ఆ అంకె చిన్నది. కొనేవాళ్లు పెద్ద అంకె చూసి కొంటారు, అమ్మేవాళ్లకు ఆ సంగతి తెలుసు. పైగా కూలరు మోటరు తిరగడం మొదలైన క్షణంలో మామూలుగా లాగే కరెంటుకు కొన్ని రెట్లు లాగుతుంది. మోయలేని బరువు పడితే దాన్ని ఓవర్‌లోడ్ అంటారు. అప్పుడు డబ్బా కాసేపు హెచ్చరించి తనంతట తానే ఆగిపోతుంది.

ఇది ఆఫ్‌లైన్ రకం. కరెంటు ఉన్నంతసేపు మెయిన్స్ కరెంటే దానిలోంచి అవతలికి పోతుంది, బ్యాటరీకి పని ఉండదు. కాబట్టి దాని మీది పచ్చలైటు వెలుగుతున్నంత మాత్రాన బరువు మోస్తుందని కాదు. కరెంటు తీసి చూస్తేనే తెలుస్తుంది. తమ్ముడి ఊపిరి దాని మీద ఉండగానే మొదటిసారి తెలిసింది.

ఇక కూత. ఆగి ఆగి కూస్తే బ్యాటరీ మీద నడుస్తోందని అర్థం. ఆగకుండా కూస్తే ఓవర్‌లోడ్, వెంటనే బరువు తగ్గించమని అర్థం. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూశాను. నా మరదలు ఐదో తరగతి దాకా చదివింది. కూత మారిందని ఆమె అరిచి చెప్పింది. కూలరు ఒక్కటి కట్టేస్తే సరిపోయేది.

అమ్మకు ఇదంతా చెప్పాను. నమ్మలేదు. "నీకు మొదటి సంది దాని మీద ప్రేమే" అంది. అయితే వచ్చి చూడమన్నాను. అమ్మ బోరు మోటరు కొన్నా డ్రమ్ములో వేయించి పైపులోంచి నీళ్లు దూకితేగాని దుకాణం దాటనిచ్చేది కాదు. విత్తనాల బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు గింజలు తీసి చూసేది. చూస్తానని వచ్చింది.

మిర్యాలగూడ దుకాణంలో కాసేపు నిలబడి, "నడిపి సూపెట్టు" అంది.

"నడుస్తనే ఉంది గదా అమ్మా, పచ్చలైటు సూడు."

"లైటు నాకెందుకయ్యా. మెయిన్ బంద్ చెయ్. గా కూలర్ దీనికి పెట్టు."

"కూలర్ పెట్టొద్దమ్మా దీనికి."

"ఎందుకు పెట్టొద్దు?"

"మొయ్యదు."

"మొయ్యదని కొన్నోనికి చెప్పినవా?"

అతను నా వైపు చూశాడు. అప్పుడు చెప్పాను, ఏ నర్సింగ్ హోం నుంచి వచ్చామో. "డాక్టర్లకు నేనేం చెప్తా మేడం, వాళ్లకు తెల్వదా" అన్నాడు. నేను అక్కడి నుంచి కదలలేదు. చివరికి మిషనుకు బదులు నాలుగు బల్బులు పెట్టి మెయిన్ ఆపాడు. డబ్బా ఆగి ఆగి కూసింది. బల్బులు వెలుగుతున్నాయి. అమ్మ నా వైపు చూసింది, ఏమైంది మరి అన్నట్టు. కూలరు స్విచ్చి వేశాడు. కూత మారింది. ఆగకుండా కూసి, ఉన్నట్టుండి ఊరుకుంది. బల్బులు ఆరిపోయాయి.

అమ్మ అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. "గిదేనా అది చెప్పింది" అంది. దుకాణదారు నీళ్లిస్తే తీసుకోలేదు.

మరదలి పుట్టిల్లు వాడపల్లి, అక్కడికి దగ్గరే. అమ్మే బస్సెక్కింది. మేము వెళ్లేసరికి మరదలు వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. లేచింది గాని దగ్గరకు రాలేదు.

"ఇంటికి నడువు బిడ్డా. నా కండ్లతోని సూసిన" అంది అమ్మ.

"నేను నోటితోని చెప్పిన అత్తమ్మా. నా నోరు నమ్మలే. డబ్బా చెప్తే నమ్మినవ్."

అమ్మ వాకిట్లోకి ఇంకో అడుగు వేసింది.

"నేను రాను. మంత్రగాడు అన్నోళ్లంత మోతెలనే ఉన్నరు. నువ్వు ఒక్కొక్క ఇంటికి పోయి చెప్పి రా. అప్పుడు సూద్దాం." ఆ మాట అని మళ్లీ మిరపకాయల దగ్గర కూర్చుంది.

డాక్టరుకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. ఆ నర్సింగ్ హోం తర్వాత రెండంతస్తులైంది. ఆ వాకిలి ముందు నుంచి బస్సు పోతుంటే నేను ఇప్పటికీ అటువైపు చూడను.

వాడపల్లి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున అమ్మ చెప్పులు వేసుకుని బయలుదేరింది. గేటు దాకా పోయి తిరిగి వచ్చింది. ఎవరింట్లోనూ తప్పయిందని చెప్పి ఎరగని మనిషి.

"ఏం చెప్పాలె? కూలర్ మాట ముందు చెప్పాల్నా, డబ్బా మాట ముందు చెప్పాల్నా?"

"ఆ రెండూ తర్వాత. కోడలు మొదటి రోజే చెప్పిందని ముందు చెప్పు" అన్నాను.

ఆ మాటే పెదవుల కింద ఒకసారి అనుకుని పక్కింటి వైపు నడిచింది.