కాపలావాడి మాట

మా బడిలో పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు రేడియో మేడం. ఇంగ్లీషు నాటకం చెప్పడం మొదలుపెడితే రాజు ఆవిడే, రాణి ఆవిడే, కత్తిపోటుకు చచ్చే సేవకుడూ ఆవిడే. పిల్లలు నోరెళ్లబెట్టి వినేవారు. పరీక్షలో మాత్రం తెల్లకాగితాలు ఇచ్చి పోయేవారు. "ఇంట్లో నా వంతు మాట కూడా తనే అనేస్తుందమ్మా" అని వాళ్లాయన ఒకసారి నా దగ్గర వాపోయాడు. జాలేసింది గానీ నవ్వు ఆపుకోలేకపోయాను.

ఈ ఏడాది హెడ్‌మాస్టరు తెగేసి చెప్పాడు. శుక్రవారం తనే వచ్చి క్లాసులో కూర్చుంటాడట. నాటకం పిల్లల తలకెక్కినట్టు కనపడకపోతే వచ్చే ఏడాది దాన్ని పీకేసి వ్యాకరణం పెడతాడట. మేడం మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఉద్యోగం మొత్తంలో ఆవిడకు ప్రాణమున్నది ఆ నాటకం మీదే.

అందుకని ఈసారి నాటకం పిల్లలచేతే ఆడించాలనుకున్నాం. ముందు మేడంకు అలవాటు కావాలని ఇంగ్లీషు చెప్పే మేం ముగ్గురం బడి వదిలాక స్టాఫ్‌రూములో బల్లలు గోడవారకు జరిపి, పిల్లల్లా ఆ నాటకం ఆడటం మొదలుపెట్టాం. కొత్తగా వచ్చిన సారు పెట్టిన షరతు ఒక్కటే. ఆడేవాళ్లు తడబడినా పాఠం చెప్పేవాళ్లు మాట అందించకూడదు. జైలు తలుపు దగ్గరి రంగం తీసుకున్నాం. కొడుకును చూడ్డానికి తల్లి వస్తుంది. అప్పటికే అతన్ని ఉరి తీశారని కాపలావాడు చెప్పాలి. తల్లి సారు, కాపలావాణ్ణి నేను, పాఠం చెప్పేది మేడం. ఊపిరి తీసుకునేలోపే నా మాట మేడం అనేశారు.

"మీరిలా అందిస్తే వాళ్లెందుకు వెతుక్కుంటారు మేడం?" అన్నాడు సారు.

"అందరూ గుడ్లప్పగించి చూస్తుంటే నా ప్రాణం పోతుంది బాబూ."

ఆ గొంతులో ఉన్నది కోపం కాదు, భయం. మళ్లీ ఆడాం, మళ్లీ అందించారు. గురువారం దాకా ఇదే వరస. సారు తల పట్టుకున్నాడు.

శుక్రవారం హెడ్‌మాస్టరు చివరి బెంచీలో కూర్చున్నాడు. పక్కన మేమిద్దరం. కాపలావాడి వేషం, క్లాసులో ఎప్పుడూ నోరు మెదపని పిల్లకు పడింది. తల్లి వేషం వేసిన అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని, కొడుకు ఎలా ఉన్నాడని ఇంగ్లీషులో అడిగింది.

కాపలావాడు ఉలకలేదు, పలకలేదు. హెడ్‌మాస్టరు గడియారం చూసుకున్నాడు. మేడం వేళ్ల మధ్య సుద్దముక్క పొడి అవుతోంది. ఆవిడ పెదవులు విడివడ్డాయి. ఇంకేముంది, కొంప మునిగిందనుకున్నాను.

ఆవిడ అందించలేదు. తల్లి వేషం వేసిన అమ్మాయి కాపలావాడి మొహంలోకి చూసీ చూసీ, మెల్లగా చెయ్యి వదిలేసి నేలమీద కూలబడింది. పుస్తకంలో అలా లేదు. ముందు బెంచీలో ఎవరో ముక్కు ఎగబీల్చారు.

"లైను మర్చిపోయావా?" హెడ్‌మాస్టరు లేచి కాపలావాణ్ణి అడిగాడు.

"లేదు సార్, గుర్తుంది. ఆమెకు ఎలా చెప్పాలో తెలీలేదు."

ఆయన "నాటకం ఉండనివ్వండి" అనేసి వెళ్లిపోయాడు.

వరండాలో మేడం చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటున్నారు. నాకు సంతోషంతో కళ్లు చెమర్చాయి. "భలే తమాయించుకున్నారు మేడం," అన్నాను.

"తమాయించుకున్నదేం లేదు తల్లీ. అందిద్దామనే నోరు తెరిచాను. తల్లిగా నిలబడ్డ ఆ పిల్ల మొహం చూశాక నాకూ ఆ మాట రాలేదు."