కదలని దీపం

మా సార్‌ది పెనుకొండ, నాది ధర్మవరం. బెంగళూరు దగ్గరి ఫ్లయింగ్ స్కూల్లో అందరికీ ఇంగ్లిషులో పాఠం చెప్పే ఆయన, నాతో మాత్రం ఊరి మాటే మాట్లాడేవారు. రాత్రిపూట చిన్న విమానం ఎక్కినప్పుడల్లా ముందద్దం మీద వేలు పెట్టి చూపించేవారు.

"కదిలే దీపం పక్కకి పోతాది పాపా. కదలకుండా పెద్దదయ్యేదుండాదే, అది మన మీదికే వస్తాండాదని లెక్క."

తొంభై ఎనిమిదిలో ఒక రాత్రి దిగడానికి రన్‌వే వైపు వస్తున్నాం. ఆయన రేడియోలో మాట్లాడుతున్నారు. ఎదురుగా ఒక వెలుగు చుక్క కనిపించింది.

"సార్, ఆ చుక్క కదలకుండానే పెద్దదైతాండాది," అన్నాను భయంగా.

ఆయన మాట ఆపి, విమానాన్ని గభాలున కుడివైపు తిప్పారు. ఇంకో విమానం మా ఎడమ రెక్క పక్కగా దూసుకుపోయింది. కిందికి దిగాక ఆయన దాని గురించి ఒక్క మాటా అనలేదు. టీ తాగించి పంపించారు.

పదేళ్ల తర్వాత, పైలట్‌నయ్యానని చెప్పుకోవడానికి పెనుకొండ వెళ్లాను. సార్ పోయి ఏడాదైందని ఆయన భార్య చెప్పింది. నేనెవరో తెలియగానే నా చెయ్యి పట్టుకుంది.

"ఆ రాత్రి దీపం ముందు చూసింది నువ్వేనంట గదమ్మా. 'ఆ పాప నోరు తెరవకపోయుంటే నేను ఇంటికొచ్చేవాణ్ని కాదు' అని ఆఖరిదాకా ఆయన చెప్తానే ఉండ్రి."

ఇన్నేళ్లూ ఆయనే నన్ను కాపాడారనుకున్నాను. ఆమె చెప్పిన మాట ఒక్కసారి ఆయన నోట వినాలని ప్రాణం కొట్టుకుంది. గుమ్మం దిగలేక ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను.